ఎవాల్డ్ దిగిన పద్నాలుగు మెట్లు

నేనెరిగినంతలో ఎవాల్డ్ టీలెన్ ఏనాడూ బెల్టు పెట్టుకోలేదు. ప్యాంటు జారకుండా భుజాల మీదుగా రెండు సాగే పట్టీలు తగిలించుకునేవాడు. తోటలోకైనా, చర్చికైనా, చావుకైనా, పెళ్ళికైనా అవే పట్టీలు. ఏటా శరత్కాలం మొదట్లో, యాత్రికులు ఇంకా రాకముందు, బల్లలు కడుగుతూ నేను ఆయన్ని ఆట పట్టించేదాన్ని.

"ఏం ఎవాల్డ్, ఈ ఏడైనా ఓ బెల్టు కొనుక్కుంటావా, సర్కసులో చేరిపోతావా?"

"నడుం పట్టేస్తుంది రోస్వితా," అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు. మనిషి నడుముకీ మనసుకీ మధ్య దూరం ఎంతో నాకప్పుడు తెలియదు.

మా ఊరు జర్మనీలో మోజెల్ నది ఒడ్డున, పలకరాయి కొండల కింద ఉంది. కొండ ఎంత నిటారుగా ఉంటుందంటే ద్రాక్ష కోసేటప్పుడు ఒక చేత్తో గుత్తిని, ఇంకో చేత్తో ప్రాణాన్ని పట్టుకోవాలి. ఎవాల్డ్ తోట అందులోనూ మరీ నిలువు. డెబ్బై దాటాక కూడా వీపుకి బుట్ట తగిలించుకుని యాభై కిలోల పండు దింపేవాడు. పెళ్ళి చేసుకోలేదు. కోత మొదలవగానే, ఇక్కడ వైన్ దొరుకుతుందన్న గుర్తుగా, గేటు మీద ఆకుకొమ్మల గుత్తి కట్టేవాడు. ఆ గుత్తి వేలాడినన్నాళ్ళూ ఆయన వాకిలి తాగుబోతులది, ఆ వంటిల్లు నాది. నేను ఉల్లిపాయ రొట్టె కాల్చేదాన్ని, ఆయన వైన్ పోసేవాడు. ఆ రెండు నెలల రాబడే ఆయనకి ఏడాదంతా.

వచ్చేవాళ్ళకి కావలసింది ఫెడర్‌వైసర్. ద్రాక్షరసం వైన్ కాబోతూ, ఇంకా కాకుండా, మజ్జిగలా తెల్లగా కుతకుతలాడే దశలో తాగే కొత్త రసం. తియ్యగా గొంతు దిగుతుంది, తర్వాత కాళ్ళు లాగేస్తుంది. దాని సీసా మూత బిగించకూడదు, బిగిస్తే పేలుతుంది. పులిసే ఏ రసమైనా గాలి వదులుతుంది. నేలమాళిగలో పదిహేను పీపాలు ఒకేసారి పులుస్తుంటే ఆ గాలి నేలబారున నీళ్ళలా నిండుతుంది. రంగు లేదు, పెద్ద వాసనా లేదు. మేము దాన్ని చెడుగాలి అంటాం. రెండు గుక్కలు పీల్చితే మనిషి కూలిపోతాడు.

అందుకే మా వాళ్ళు కోతల కాలంలో నేలమాళిగలోకి కొవ్వొత్తితో దిగుతారు. కొవ్వొత్తిని ముఖం దగ్గర కాదు, మోకాలికి కిందగా పట్టుకోవాలి. అది ఆరిందా, దాన్ని అక్కడే మెట్టు మీద వదిలేసి వెనక్కి తిరగాలి. ఇంకో నియమం కూడా ఉంది. కింద ఎవడైనా పడిపోతే వాడి వెనక ఇంకొకడు దిగకూడదు. మా లోయలో చెడుగాలికి పోయినవాళ్ళలో సగం మంది పడినవాణ్ణి లేపడానికి వెళ్ళినవాళ్ళే.

ఇప్పుడు అందరికీ గాలి లాగే ఫ్యాన్లున్నాయి. ఎవాల్డ్‌కీ ఉంది. అయినా ఆయన కొవ్వొత్తి మానలేదు. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా సరే, ముందు తానే కొవ్వొత్తితో దిగి, అడుగుదాకా వెళ్ళి, తిరిగొచ్చి, "ఇక దిగండి" అంటేనే ఎవరైనా దిగాలి.

ఎందుకో ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అరవై తొమ్మిదిలో, ఆయనకి పదిహేడేళ్ళప్పుడు, అన్న లోరెంట్స్ ఆ నేలమాళిగలోనే చనిపోయాడు. ఊరికి మొదటిసారి బస్సుల్లో జనం వచ్చిన శరత్తది. బొగ్గుగనుల ఊళ్ళ నుంచి వచ్చి, బల్లలు గుద్దుతూ "కొత్త రసం! కొత్త రసం!" అని ఒకటే గోల. కొవ్వొత్తి పట్టుకుని ముందు నడవడం ఎవాల్డ్ పని. ఆయన అకార్డియన్ వాయించేవాడి పక్కన నిలబడి పాట వింటున్నాడు. లోరెంట్స్ ఆగలేక కూజా తీసుకుని ఉత్త చేతులతో దిగాడు. అంతే. మాస్కులున్న మనుషులు పక్క పట్నం నుంచి రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఎవాల్డ్ దూకబోతే తండ్రి యాకోబ్ పట్టుకుని ఆపాడట. "ఒకడు పోయాడు, చాలు," అన్నాడట. ఊరంతా యాకోబ్‌ని మెచ్చుకుంది, ఇద్దర్నీ పోగొట్టుకోకుండా ఒక్కణ్ణయినా నిలబెట్టుకున్నాడని. నేను విన్న కథ ఇంతే. ఆ తర్వాత యాకోబ్ మోకాళ్ళ నొప్పులంటూ చచ్చేదాకా ఆ మెట్లు దిగలేదు. దిగే పనంతా పదిహేడేళ్ళ వాడి మీద పడింది.

ఎనిమిదేళ్ళ క్రితం ఊరి పర్యాటక కార్యాలయం అమ్మాయి ఒకతి ఎవాల్డ్ కొవ్వొత్తిని చూసి మురిసిపోయింది.

"అబ్బ, ఎంత ముచ్చటగా ఉందండీ! పాతకాలం పద్ధతి! దీన్ని కరపత్రంలో వేద్దామండీ. 'పెద్దాయనతో, కొవ్వొత్తి వెలుగులో, నేలమాళిగలోకి.' జనం ఎగబడతారు."

ఎవాల్డ్ ఏమీ అనలేదు. ఆయన మౌనాన్ని ఆ పిల్ల ఒప్పుకోలు కింద రాసుకుంది. ఆ రాత్రి నేను కోప్పడ్డాను.

"నీకు సిగ్గులేదా? మీ అన్న చావుని టికెట్టు పెట్టి చూపిస్తావా?"

"ఎలాగూ దిగుతున్నాగా," అన్నాడు. "నా వెనక పదిమంది నిలబడితే ఏం పోయింది? కొమ్మలగుత్తి కట్టినా బల్లలు ఖాళీగా ఉంటున్నాయి, నువ్వూ చూస్తున్నావు."

చూస్తూనే ఉన్నాను. అప్పట్నుంచి ప్రతి శనివారం, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ తంతు. ఎవాల్డ్ కొవ్వొత్తి వెలిగిస్తాడు, వెనక పదిహేనుమంది ఫోన్లు పట్టుకుని, ఆయన దిగమనేదాకా పై మెట్ల మీద నిలబడతారు. చివరిదైన పద్నాలుగో మెట్టు దగ్గర ఆయన ఆగి, ఓ క్షణం నేలకేసి చూస్తాడు. దాన్ని కూడా ఆటలో భాగమనుకుని వాళ్ళు చప్పట్లు కొడతారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టని మనవాళ్ళంటారే, అది నేను నా కళ్ళతో వారానికి రెండుసార్లు చూశాను. చూస్తూ రొట్టె ముక్కలు కోశాను.

పోయిన అక్టోబరులో ఓ శనివారం, బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే బౌలింగ్ క్లబ్బు వాళ్ళు వచ్చారు. అందరూ ఒకే రకం పసుపుపచ్చ చొక్కాలు. వీపు మీద ఏదో బూతుకి దగ్గరి జోకు రాసుంది. పన్నెండింటికే తాగుడు మొదలుపెట్టారు. వాళ్ళ బల్ల నేలమాళిగ గాలి బయటికి కొట్టే గొట్టం పక్కన పడింది. ఒకావిడ వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి, "ఏమండీ, ఆ మోత ఏంటండీ, పాట వినపడట్లేదు. ఆ పులుపు కంపొకటి. కాస్సేపు ఆపండి, పుణ్యముంటుంది," అంది.

పొయ్యిలో ఆరు రొట్టెలున్నాయి. నా చేతులు పిండిలో ఉన్నాయి. ఆ పిండి చేత్తోనే మీట నొక్కేశాను.

నేను దాచను. ఫ్యాను ఆపింది నేను. అయిదు నిమిషాలే అనుకున్నాను. తర్వాత గ్లాసులు, రొట్టెలు, మళ్ళీ గ్లాసులు. రెండు గంటలు గడిచాయి, మీట సంగతి మరిచాను. ఇరవై ఎనిమిదేళ్ళలో మరవనిది ఆ రోజు మరిచాను.

మూడింటికి ఎవాల్డ్ కొవ్వొత్తి వెలిగించాడు. పసుపు చొక్కాలు వరస కట్టాయి. అందరికన్నా ముందు డెట్లెఫ్ అని ఒక బక్కపలచటి మనిషి. గుంపులో నవ్వించేవాడు ఒకడుంటాడు చూడండి, వాడు.

"పెద్దాయనా, కింద దయ్యాలేమైనా ఉన్నాయా? మా ఆవిడని తోడు తెచ్చుకోనా, వాటికే భయమేస్తుంది!"

అందరూ విరగబడి నవ్వారు. ఎవాల్డ్ దిగాడు. ఒకటి, రెండు, మూడు... ఆయన ప్రతిసారీ పైకే లెక్కపెడతాడు. తొమ్మిదో మెట్టు మీద కొవ్వొత్తి ఆరిపోయింది.

"వెనక్కి!" అన్నాడు.

చప్పట్లు మోగాయి. ఒకడు ఈల వేశాడు. ఎవాల్డ్ కొవ్వొత్తిని ఆ మెట్టు మీదే వదిలి, రెండు చేతులూ చాపి, గొర్రెల్ని తోలినట్టు అందర్నీ వాకిట్లోకి తోలాడు. నేరుగా వంటింటికొచ్చి నాకేసి చూశాడు.

"రోస్వితా, ఫ్యాను?"

నేను మీటకేసి చూశాను. ఆ చూపే జవాబు. గబగబా నొక్కాను. ఫ్యాను గుర్రుమంది. అది ఆ గాలంతా లాగడానికి అరగంట కావాలి.

ఈలోపు వాకిట్లో పందెం. "డెట్లెఫ్, వెళ్ళి ఆ కొవ్వొత్తి వెలిగించి తేరా, అందరికీ ఒక రౌండు నేను పోయిస్తా!" వాడు లైటరు తీసుకుని దిగాడు. మేము వంటింట్లోంచి బయటికొచ్చేసరికి వాడు తొమ్మిదో మెట్టు కూడా దాటిపోయాడు. "కొవ్వొత్తి దేనికిరా, సరాసరి పీపాకే నోరు పెడతా," అని కింద నుంచి కేక వినపడింది. తర్వాత గాజు పగిలిన చప్పుడు, బస్తా పడినట్టు ఇంకో చప్పుడు.

నేలమాళిగ కరెంటు దీపం వెలుగులో పసుపు చొక్కా కనిపించింది. మూడో పీపా పక్కన, బోర్లా పడి ఉన్నాడు.

వాడి భార్య అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. ఇద్దరు మగాళ్ళు మెట్ల మీదికి ఉరికారు. ఎవాల్డ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ దిగద్దు! ఒకడు పోయాడు, చాలు."

ఆ గొంతు ఎవాల్డ్‌ది కాదు. నా చిన్నప్పుడు విన్న యాకోబ్ గొంతు అది. ఆ ఇద్దరూ ఠక్కున ఆగిపోయారు. ఎవాల్డ్ తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నట్టు ఓ క్షణం అలాగే నిలబడ్డాడు. తర్వాత వాకిటివైపు తిరిగి, గుండెలనిండా ఊపిరి పట్టి, దిగాడు.

నేను పట్టుకోబోయాను. నా చేతికి వీపు మీది పట్టీ దొరికింది. గట్టిగా లాగాను. అది జానెడు, మూరెడు సాగి, కొక్కెం ఊడి, నా చేతిలోకి వచ్చేసింది. ఆయన వెళ్ళిపోయాడు.

చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. ముసలాయన మూడో పీపా దగ్గరికి వెళ్ళాడు, వాడి చంకల కింద చేతులు వేశాడు, వెనక్కి నడుస్తూ మెట్ల దాకా ఈడ్చాడు, ఒక్కో మెట్టూ ఎక్కించాడు. ఆ వీపు యాభై ఏళ్ళు ద్రాక్ష బుట్టలు మోసిన వీపు. ఎనిమిదో మెట్టు మీద ఆయన ముఖం నల్లబడిపోయి, నోరు తెరిచి గాలి పీల్చాడు. అక్కణ్ణించి ఆ ఇద్దరు మగాళ్ళూ అందుకున్నారు.

డెట్లెఫ్ బతికాడు. డాక్టరు వచ్చి ముక్కుకి ఆక్సిజన్ పెట్టగానే కళ్ళు తెరిచాడు, వాకిట్లోనే వాంతి చేసుకున్నాడు, రెండోరోజుకి ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళిపోయాడు. అగ్నిమాపకం వాళ్ళు ఫ్యాను ఎవరు ఆపారని అడిగితే నేను నోరు తెరిచేలోగా ఎవాల్డ్, "నేనే, పొరపాటున," అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అంత పిరికిపని ఇంకోటి చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం వాకిట్లో అందరూ ఆయన్ని కావలించుకుంటున్నారు, ఏడుస్తున్నారు, చేతులు ముద్దుపెట్టుకుంటున్నారు. ఆయన ఒక పట్టీ వేలాడుతూ, ప్యాంటు ఒకవైపు జారుతూ, నా వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు.

"రోస్వితా, ఎంతసేపు పట్టింది?"

నేను ఓదారుద్దామనే అన్నాను. "ఎంతసేపెక్కడయ్యా! ఇలా వెళ్ళావు, అలా వచ్చావు. ఒక్క ఊపిరి!"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆయన నావైపు చూసిన చూపుకి అర్థం నాకప్పుడు తెలియలేదు. ఇంతలో పసుపు చొక్కా కుర్రది ఒకతి ఫోను పట్టుకుని వచ్చింది.

"తాతగారూ, నేనంతా వీడియో తీశానండీ! మొదట ఆటలో భాగమేమో అనుకున్నా. సరిగ్గా ముప్ఫై నాలుగు సెకన్లండీ! మీరు నిజంగా హీరో!"

ఎవాల్డ్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి చూసి తిరిగిచ్చేశాడు.

"వీడు మూడో పీపా దగ్గర పడ్డాడు," అన్నాడు నాతో, మెల్లగా. "లోరెంట్స్ మెట్ల దగ్గరే పడ్డాడు రోస్వితా. పై నుంచి వాడి బూట్లు కనపడేవి. మూడడుగులు. ఇంతకన్నా దగ్గర."

నా చేతిలో ఇంకా ఆ పట్టీ ఉంది. దాన్ని చూసి అన్నాడు, "మా నాన్న నా బెల్టు పట్టుకున్నాడు. రెండు చేతుల్తో. నేను ఆయన్ని కొరికాను కూడా. వదల్లేదు."

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళ నా వేళాకోళం గుర్తొచ్చింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లోపలికి వెళ్ళి, మాడిపోతున్న రొట్టెలు తీశాను.

యాభై నాలుగేళ్ళు ఆ మనిషిని నిలబెట్టింది ఒక్కటే నమ్మకం. దిగి ఉంటే తనూ పోయేవాడు. నాన్న చేసింది న్యాయం. ఆ నమ్మకాన్ని ఆయన ముప్ఫై నాలుగు సెకన్లలో, తన చేతులతో తనే, ఈడ్చుకొచ్చి వాకిట్లో పడేశాడు. జిల్లా పేపరు వాళ్ళు ఫోటో వేశారు. ఊరిపెద్ద పూలగుత్తి తెచ్చాడు. బౌలింగ్ క్లబ్బువాళ్ళు ఆయన పేరు చెక్కిన వెండి గ్లాసు పంపారు. ఎవరు ఎంత మెచ్చుకుంటే ఆయన అంత కుంగిపోయాడు. అసలు మర్నాడే, ఆదివారం తెల్లారకముందే, గేటు మీది కొమ్మలగుత్తి విప్పేశాడు. కోత ఇంకా సగం మిగిలే ఉంది. పీపాల్లో రసాన్ని పులిసింది పులిసినట్టే ఒక వర్తకుడికి అమ్మేశాడు. వాళ్ళ మనుషులొచ్చి తోడుకుపోయారు. ఆయన ఆ మెట్ల దగ్గరికి రాలేదు. మోకాళ్ళ నొప్పులన్నాడు.

పర్యాటక కార్యాలయం అమ్మాయి మాత్రం మళ్ళీ వచ్చింది. "ఈ కథ కూడా కరపత్రంలో చేరిస్తే వచ్చే ఏడు..." అంటుండగానే నేను చీపురు తీశాను. అది పరుగున పోయింది.

నేను రోజూ సూపు తీసుకెళ్ళేదాన్ని. నాకు తోచిందల్లా చెప్పాను. అప్పుడు నువ్వు పదిహేడేళ్ళవాడివి, ఊపిరి బిగపట్టాలన్న తెలివి ఉండేదా, "అన్నా" అని అరిచి ఉండేవాడివి, అరిస్తే పీల్చేవాడివి, ఇద్దరూ పోయేవాళ్ళు, అన్నాను. అది నిజమని ఇప్పటికీ నమ్ముతాను. ఆయన కాదనలేదు. గిరాకీకి తలాడించినట్టు తలాడించి సూపు తాగాడు.

నవంబరు ఒకటి వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో అందరం సమాధుల మీద ఎర్ర గాజుదీపాలు పెడతాం. టీలెన్‌ల సమాధులు గోడవార పక్కపక్కనే ఉంటాయి, యాకోబ్‌దీ లోరెంట్స్‌దీ. సన్నగా వాన. నది మీంచి చలిగాలి. నేను మావారి సమాధి దగ్గర పని ముగించుకుని అటు నడిచాను. ఎవాల్డ్ సంచిలో రెండు దీపాలున్నాయి. ఒకటి లోరెంట్స్ రాయి ముందు వెలుగుతోంది. రెండోది చేతిలో ఉంది. చుట్టుపక్కలవాళ్ళు చూడనట్టు చూస్తున్నారు. ఊరన్నాక ఏ సమాధి మీద దీపం లేదో ముందు కనిపెడుతుంది.

ఇంక ఆగలేకపోయాను. "ఎవాల్డ్, ఆ రోజు ఫ్యాను నేనే ఆపాను. నిన్ను మాట పడనిచ్చాను. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదు."

"తెలుసు," అన్నాడు. "పిండి అంటుకునుంది మీటకి."

చేతిలోని దీపం మీద పడ్డ వానచుక్కల్ని బొటనవేలితో తుడిచాడు.

"నువ్వు ఆపకపోతే నాకీ సంగతి తెలిసేది కాదు," అన్నాడు మళ్ళీ. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది. "మా నాన్న ఎన్నడూ ఆ మెట్లు దిగలేదు, చూశావా. ఆయన అడుగులు లెక్కపెట్టుకునే ఉంటాడు. మూడడుగులని ఆయనకీ తెలుసు."

చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. కుడి జేబులో ఆ పట్టీ ఉంది. తిరిగిచ్చేద్దామని నెలరోజులుగా తిప్పుతున్నాను, ఇవ్వలేకపోతున్నాను. తీసి చాపాను. ఆయన అది తీసుకోలేదు. దాని బదులు తన చేతిలోని దీపం, అగ్గిపెట్టె నా అరచేతిలో పెట్టాడు.

"ఆయనకి నువ్వు వెలిగించు రోస్వితా. నావల్ల కావట్లేదు."

"నేనా? నేనెవర్ని ఎవాల్డ్?"

"నువ్వూ పట్టుకోబోయావుగా," అన్నాడు. "ఎందుకు పట్టుకుంటారో నీకే తెలుస్తుంది."

ఆయన టోపీ సర్దుకుని గేటు వైపు నడిచాడు. నేను యాకోబ్ రాయి ముందు వంగి అగ్గిపుల్ల గీశాను. మొదటిది గాలికి ఆరింది, రెండోది వానకి తడిసింది. మూడోదానికి దీపం అంటుకుంది.